బస్సులో వైవా

"కండక్టర్ గారూ, ఇంకా ఎంతసేపండీ?" దీవెన మళ్లీ అడిగింది.

"ఏం చెప్పమంటారమ్మా? ముందు చేపల లారీ రోడ్డుకి అడ్డం తిరిగింది. దాన్ని తీస్తేగానీ కదలం. దిగుదామన్నా అటూ ఇటూ కొల్లేరే."

మండవల్లి దాటిన దగ్గర్నుంచీ వాన. కిటికీలన్నీ మూసేశారు, బస్సులో ఊపిరాడటం లేదు. ఏలూరులో ఈపాటికి ఫార్మకాలజీ వైవాకి అందరూ చేరుంటారు. పోయినసారి ఎగ్జామినర్ ముందు నోరు పెగలక దీవెన తప్పింది. ఈసారీ తప్పితే ఏడాది నీళ్లపాలే.

అంతకన్నా పెద్ద చిక్కు పక్క సీట్లోనే కూర్చుని ఉంది. "ఎగ్జామినర్ గారు కూడా మీ బస్సులోనే వస్తున్నారట. తెల్లచొక్కా, నెరిసిన జుట్టు, తోలుసంచి" అని పొద్దున్నే స్నేహితురాలు సాయిదుర్గ ఫోన్ చేసి చెప్పింది. ఆ మూడూ దీవెనకి మోచేతి దూరంలోనే ఉన్నాయి.

ఆ పెద్దాయన చొక్కా జేబులోంచి మాత్రల షీటు తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ పెట్టేసుకున్నాడు. వైవాలో చూపించి అడగడానికి కాబోలు. తర్వాత ఆమె ఒళ్లో ఉన్న పుస్తకం వంక చూశాడు.

"మందుల చదువామ్మా?"

"అవునండీ. బీఫార్మసీ అండీ."

"అయితే ఓ మాట చెప్పు. బిళ్ల వేసుకుంటే ఒంట్లో ఎంతసేపుంటుంది?"

మొదలెట్టేశారు. పారిపోదామంటే బస్సు చుట్టూ నీళ్లు.

"మందుని బట్టి ఉంటుందండీ. ఒంట్లో ఉన్న మందు సగానికి తగ్గడానికి పట్టే సమయాన్ని హాఫ్ లైఫ్ అంటారండీ."

"ఆ సగం పోకముందే ఇంకోటి పడితే?"

"రక్తంలో మందు పెరిగిపోతుందండీ. మేలు చేసే మోతాదుకీ, హాని చేసే మోతాదుకీ మధ్య ఉండే ఎడాన్ని థెరప్యూటిక్ విండో అంటారు. అది దాటితే టాక్సిసిటీ అండీ."

పోయినసారి పెగలని నోరు ఇవాళ గడగడా పలుకుతుంటే దీవెనకే ముచ్చటేసింది. పెద్దాయన జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. ఉక్క అలా ఉంది మరి.

"దాటిందని ఎలా తెలుస్తుంది?"

"అదీ మందుని బట్టేనండీ."

"అన్నిటికీ మందుని బట్టే అంటావేంటమ్మా?"

ఆ గొంతులో విసుగు ఆమెకి వినపడింది. ఏ మందండీ అని అడగబోయి నాలుక కరుచుకుంది. ఎగ్జామినర్‌కి ఎదురు ప్రశ్న వేయకూడదని సీనియర్లు మరీమరీ చెప్పారు.

"పోనీ, విరుగుడుంటుందా?"

"కొన్నిటికి ఉంటుందండీ. యాంటిడోట్ అంటారు."

ఆయన తలూపాడు. ఒళ్లో పెట్టుకున్న చేతులు వణుకుతున్నాయి. పెద్దవయసు, పాపం అనుకుంది. కాసేపటికి ఆయన ఆమె కాళ్ల దగ్గరి సంచి వైపు వంగాడు.

"నేతివాసన వస్తోంది. తినడానికేమైనా ఉందామ్మా?"

ఉంది. వాళ్లమ్మ లిడియా డబ్బా నిండా సున్నుండలు పెట్టి, "సార్‌గారికి ఇయ్యి, మర్చిపోకు" అంది. వైవాకి ముందు ఎగ్జామినర్ చేతిలో సున్నుండలు పెడితే దాన్నేమంటారో దీవెనకి తెలుసు. ఇదీ పరీక్షే అయ్యుంటుంది.

"ఏమీ లేదండీ." సంచిని కాలితో సీటు కిందికి తోసేసింది.

ఆయన ముందు సీటు కమ్మీకి తల ఆనించి కళ్లు మూసుకున్నాడు. గండం గడిచిందనుకుని దీవెన ఊపిరి పీల్చుకుంది.

అంతలో సాయిదుర్గ ఫోన్.

"ఎక్కడున్నావే? ఎగ్జామినర్ గారు బస్సు మానేసి రైల్లో వచ్చేశారు. వైవా మొదలెట్టేశారు కూడా. నీ సంగతి చెప్పాంలే, ఆఖర్న పిలుస్తానన్నారు. కంగారు పడకు."

దీవెన ఫోన్ దించి పక్కకి తిరిగింది. ఆయన చొక్కా చెమటకి తడిసి వీపుకి అంటుకుపోయి ఉంది.

"ఏవండీ, మీరు ఎగ్జామినర్ గారు కాదా? మరి అవన్నీ నన్నెందుకు అడిగారండీ?"

ఆయన బరువుగా కళ్లు తెరిచాడు. మాట ముద్దముద్దగా వచ్చింది.

"పొద్దున్న షుగర్ బిళ్ల రెండుసార్లు వేసుకున్నానమ్మా."