క్లబ్బు కార్యదర్శి

ఆదివారం ఒకప్పుడు ఆవిడది. ఆవేళ తన కళ్లజోళ్ల షాపుకి సెలవు, అతనికి సర్వే పనులుండవు. మధ్యాహ్నం దాకా కబుర్లు, ఆపైన కునుకు. మూడు నెలలుగా ఆ రోజుని పెయింట్‌బాల్ క్లబ్బు మింగేసింది.

అదీ మామూలు పిచ్చి కాదు. ఊరి చివర మూతబడ్డ ఇటుకల బట్టీని లీజుకి తీసుకున్నాడు. చుట్టూ వల కట్టించాడు. చాటున నక్కడానికి పాత టైర్లు, డ్రమ్ములు పేర్పించాడు. రంగు తగిలినవాడు చెయ్యెత్తి బయటికి రావాలి, వల లోపల మాస్కు తియ్యకూడదు అని బోర్డు రాయించాడు. సభ్యులు ఇరవై రెండు మందట. భూముల కొలతలు తప్ప వేరే ముచ్చట తెలియని సర్వేయరు, ఇప్పుడు నోరు తెరిస్తే తుపాకులూ, రంగు గుళ్లూ.

పైగా మాస్కు అద్దాలకి ఆవిరి పట్టకుండా ఏం రాయాలో ఆవిడనే అడిగాడు. ఒళ్లు మండింది. అయినా షాపులోంచి రెండు సీసాల మందు తెచ్చి చేతిలో పెట్టింది.

నలభై ఐదేళ్ల మగాడికి ఉన్నట్టుండి ఆటల మీద మనసు పోయిందంటే నమ్మేంత అమాయకురాలు కాదావిడ. భుజం మీద గుండ్రంగా కమిలిన మచ్చలు చూసింది. సరే, ఆట నిజమే. ఎవరితో అన్నదే అనుమానం.

ఓ సాయంత్రం అతని ఫోను మోగింది. బాల్కనీలోకి వెళ్లి, గొంతు తగ్గించి మాట్లాడి వచ్చాడు.

"ఎవరు?"

"క్లబ్బు కార్యదర్శి."

"ఆడా, మగా?"

"ఎవరైతే ఏంటి, పని జరగాలిగా" అని మాట దాటేశాడు.

అంతే, పురుగు తొలిచేసింది. తర్వాతి ఆదివారం చెప్పాపెట్టకుండా బస్సెక్కి బట్టీ దగ్గర దిగింది.

అప్పుడే ఓ ఆట ముగిసింది. మెడంతా పసుపు రంగు కారుతూ అతను బయటికొచ్చాడు. మెడలో విజిల్ వేసుకున్న ఒకామె తన చొక్కా చేత్తోనే ఆ మెడ తుడిచింది. ఇద్దరూ ఒకే సీసాలో నీళ్లు తాగారు. అతను పగలబడి నవ్వాడు. తన దగ్గర అలా నవ్వి ఎన్నాళ్లయిందో.

ఇదన్నమాట సంగతి. మనిషి చేజారిపోతున్నాడు, తను వల పట్టుకుని చూస్తోంది.

అతను మళ్లీ ఆటలోకి వెళ్లగానే విజిలామె ఆవిణ్ణి గమనించి మాస్కు పట్టుకొచ్చింది. తనే కార్యదర్శినని చెప్పుకుంది. కొత్తగా చేరేవాళ్లు ముందు మాస్కు పెట్టుకోవాలంటూ పట్టీ స్వయంగా బిగించింది.

ఆవిడ, మీకీ క్లబ్బు ఎలా తెలిసిందని అడిగింది.

"మా ఆయన రెండేళ్ల నుంచీ ఆడుతున్నారండీ" అంది కార్యదర్శి. "నేనూ వస్తానంటే ఎన్ని సాకులు చెప్పారో. వదల్లేదు. తీరా చూస్తే పాత మైదానం పోయిందన్నారు. సరేనని దగ్గరుండి ఇదంతా కట్టించాను. ఇప్పుడు నేను లేందే ఆట మొదలుపెట్టరు."

మాస్కు లోపల ఆవిడకి ఊపిరాడలేదు. ఆదివారాలు తన దగ్గరికి రావడానికి పెళ్లానికి ఏం చెప్పాలో తోచక రెండేళ్ల కింద అతను తల గోక్కుంటుంటే, "పెయింట్‌బాల్ క్లబ్బులో చేరానని చెప్పు" అంటూ లేని క్లబ్బుని పుట్టించింది తనే.