నీలం మందు

"ఇలా ఇవ్వండి పెద్దమ్మా, చూడనివ్వండి," అంది డాక్టరమ్మ.

ముసలామె మనవణ్ణి వదల్లేదు. వాడి ఛాతీకి చెవి ఆనించే ఉంది. "ఊపిరి ఆడుతోంది. పోయాడంటే నేను ఒప్పుకోను."

"ఇంటి దగ్గర్నుంచీ ఇదే వరసండీ," అంది కోడలు, గోడకు జారగిలబడి. "వీడు పుట్టినప్పట్నుంచీ ముఖం మీద దుప్పటి అంచు కూడా పడనివ్వదు అత్తయ్య. పెద్దాడు ఇలాగే నీలంగా మారి, మూడో నెలలో పోయాడు. వీడికిప్పుడు మూడో నెల."

బిడ్డ ముఖం సిరా ఒలికినట్టుంది. ఒళ్ళు చల్లగా ఉంది. ఆక్సిజన్ పెట్టినా రంగు మారలేదు. గుండెలో లోపమేదీ కనబడలేదు.

డాక్టరమ్మ బిడ్డ మడమలో సూది గుచ్చి, ఒక చుక్క రక్తం తెల్ల కాగితం మీద పెట్టింది. పక్కనే తన వేలి నుంచి మరో చుక్క. నర్సు అట్టముక్కతో రెండింటికీ గాలి విసిరింది. డాక్టరమ్మ చుక్క ఎర్రబడింది. బిడ్డది కాఫీ రంగులోనే ఉండిపోయింది.

"దొరికింది," అంది డాక్టరమ్మ. "గాలి బాగానే అందుతోంది. ఈ రక్తమే దాన్ని ఒంటికి ఇవ్వడం లేదు. పుట్టుకతో వచ్చే జబ్బు. వేలల్లో ఒకరికి కూడా ఉండదు."

సిరంజిలో ముదురు నీలం మందు చూసి కోడలు బెదిరింది. "నీలంగా ఉన్నవాడికి మళ్ళీ నీలం మందేమిటండీ?"

"బట్టలకు పెట్టే నీలం కాదులే అమ్మాయ్, రక్తాన్ని సరిచేసే మందు," అంది నర్సు.

అరగంటకు పెదవుల్లో ఎరుపు తిరిగింది. బిడ్డ గుక్కపట్టి ఏడ్చాడు. కోడలు కళ్ళు తుడుచుకుంటూ వాణ్ణి ఎత్తుకుంది.

ముసలామె రెండు చెవులూ మూసుకుని వరండాలోకి వెళ్ళిపోయింది. డాక్టరమ్మ వెనకే వచ్చింది.

"సంతోషించాలి గానీ, ఇదేంటి పెద్దమ్మా?"

"పెద్దాడిదీ ఇదే జబ్బా తల్లీ?"

"అయ్యుంటుంది."

"ఆ మందిస్తే బతికేవాడా?"

"వాడు పోయాడని ఎవరు చెప్పారు?"

"నేనే. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశా. ఊపిరి తగల్లేదు. అబ్బాయి ఊళ్ళో లేడు, ఈ పిల్ల స్పృహ తప్పి పడుంది. నేనొక్కదాన్నే తీసుకెళ్ళి పాతిపెట్టాను."

"మీ తప్పేం లేదు. ఈ జబ్బు ఎవరినైనా మోసం చేస్తుంది."

ముసలామె గది వైపు తిరిగి, కోడలు వినడం లేదని చూసుకుంది.

"మట్టి కప్పేశాక ఏడ్చాడమ్మా."