నాన్న గడ్డం

పక్క కొట్టు దర్జీ తన షట్టర్ దించి సెలూన్‌లోకి తొంగి చూశాడు. "ఇంకా బుడగలతోనే కుస్తీనా, అమ్మాయ్?"

"ఇదొక్కటే బాబాయ్. మీరు వెళ్లండి."

ఆయన చెప్పుల చప్పుడు వీధి చివర సన్నగిల్లి ఆగిపోయింది. సెలూన్‌లో ఆమె ఒక్కతే మిగిలింది, చేతిలో నాన్న కత్తితో.

పని నేర్పింది నాన్నే. గాలి ఊదిన రబ్బరు బుడగకు నురగ పట్టించి గీయమనేవాడు. "అది పేలకుండా గీసిన రోజు నా గడ్డం నీదే, అమ్మడూ. అంతదాకా నా గొంతు నాకు ముద్దు." బుడగలు పేలుతూనే ఉన్నాయి, ఈలోగా ఆయన పోయాడు. ఆఖరి గడ్డం ఎవరో పరాయివాడు గీశాడు. ఆ వెలితి ఆమెను ఇప్పటికీ నిద్రపోనివ్వదు.

కత్తిని వాలుగా పట్టి, ఊపిరి బిగబట్టి గీసింది. నురగంతా వచ్చేసింది. బుడగ పేలలేదు. ఇదే మొదటిసారి.

కత్తిని తువ్వాలుకు తుడవబోయి ఆగింది. నురగలో తెల్లటి పొట్టి వెంట్రుకలు ఉన్నాయి. బుడగకు గడ్డమెక్కడిది?

వెనక కుర్చీ కిర్రుమంది. ఎవరో బరువుగా కూర్చున్నట్టు తోలు సీటు నెమ్మదిగా కుంగింది. అద్దంలో మాత్రం ఎవరూ లేరు.

తలుపు తెరిచే ఉంది. ఆమె ఒకసారి అటు చూసింది. తర్వాత స్టవ్ వెలిగించి నీళ్లు పెట్టింది. చన్నీళ్లంటే ఆయనకు గిట్టదు.

నురగ కలిపి కుర్చీ దగ్గరకు వచ్చింది.

"తల కాస్త వెనక్కి వాల్చు, నాన్నా," అంటూ బ్రష్ చాచింది.

ఖాళీ గాలిలో అది గరగరమంది.