ఐదూ పది బండి

"ఐదూ పది కావస్తోంది! ఇవాళైనా ఆగి చావకండ్రా, మీకు దండం పెడతాను!" మైదానం గీత అవతలి నుంచి కోచ్ మామయ్య మొత్తుకున్నాడు.

గోల్‌కీపర్ తన కాళ్ల వంక చూసుకున్నాడు. వరదకు మునిగిన సొంతూళ్లో వాళ్ల ఫుట్‌బాల్ మైదానాన్ని ఆనుకునే రైలు పట్టాలుండేవి. ఐదూ పది బండి మోతకు రిఫరీ ఈల వినపడదని ఆటంతా ఆగేది. ఈ పరాయి ఊళ్లో రెండేళ్లుగా ఆడుతున్నా, పాడు అలవాటు, ఆ వేళకు జట్టు మొత్తానికి కాళ్లు వాటంతటవే ఆగిపోతాయి. ఎదుటివాళ్లు తీరిగ్గా గోల్ కొట్టిపోతారు.

ఇవాళా ఆగనే ఆగాయి. అవతలి జట్టువాడు బంతితో మీదికి దూసుకొచ్చాడు.

"కూ...!"

గేటు దగ్గర టికెట్లు చింపే తాత! ఆయన వెనకే ఈ ఊరి జనమంతా లేచి, ఒకరి నడుం ఒకరు పట్టుకుని, "కూ... చుక్‌చుక్!" అంటూ గ్యాలరీ మెట్ల మీద బండి కట్టేశారు.

బంతి తెచ్చినవాడు బిత్తరపోయి తల తిప్పాడు. గోల్‌కీపర్ వాడి కాళ్ల దగ్గరి బంతిని లాగేసుకుని, పొట్టకు హత్తుకుని పడీ పడీ నవ్వాడు.

బండి గోల్ వెనక్కి వచ్చేసరికి అరిచాడు. "తాతా, ఏంటిది?"

"రెండేళ్లుగా రాని బండి కోసం ఆగుతున్నారు కదరా! చూడలేక మేమే తోలుకొచ్చాం."