ఊకలో ఐసు

దోనె కిక్కిస గడ్డిలో చిక్కుకుంది. గెడ వేసి ఎంత నెట్టినా కదల్లేదు. నా బావమరిది వరదానం ఒళ్ళో ఉన్న చెక్కపెట్టె అడుగునుంచి నీళ్ళు కారుతున్నాయి.

“త్వరగా కానివ్వండి బావగారూ! ఏలూరు చేరేలోపు ఐసు కరిగిపోయేలా ఉందండీ.”

“మగచేప కడుపులోని తెల్లటి పాలకి ఇంత హడావుడా? వాల్తేరులో మీ కాలేజీవాళ్ళకి తినడానికి ఇంకేమీ దొరకదా?”

“తినడానికి కాదండీ. దీన్నుంచి డి.ఎన్.ఏ. తీస్తాం. కంటికి కనపడని కాంతి దానిమీద వేస్తే, అది తనంత తాను కాస్త వెలుగుతుందేమోనని చూస్తున్నామండీ. వెచ్చగా ఉంటే ఆ వెలుగు పుట్టగానే ఆరిపోతుంది. గడ్డకట్టించి యంత్రంతో చూడాలి. ఇది కుళ్ళిపోతే మళ్ళీ వానాకాలం దాకా ఇలాంటి చేప దొరకదండీ.”

“చేపకి ఐసు తెచ్చావు. మీ అక్కకి జ్వరం తలకెక్కితే నేను ఐసు కూడా తేలేదని సమాధి దగ్గర అందరిలో తిట్టావు.”

వరదానం పెట్టె మూత తీశాడు. వెచ్చబడ్డ చేపపాల సీసా చుట్టూ తడిసిన ఊక తప్ప ఏమీ మిగల్లేదు. చెయ్యి లోపలే ఉంచి కూర్చుండిపోయాడు.

“ఏలూరు నుంచి ఇదే దోనెలో ఐసు తెచ్చానని మీరు చెప్పారు” అన్నాడు. “నేనే నమ్మలేదండీ.”

గెడ పక్కన పెట్టాను. పెట్టెలోంచి పిడికెడు ఊక తీసి వాడి అరచేతిలో పెట్టాను.

“ఆరోజు ఇల్లు చేరేసరికి మిగిలిందీ, మీ అక్క నుదుటిమీద నేను పెట్టిందీ ఇదే.”