ఐదో శిష్యుడు

“ఇంకోసారి కట్టు,” అన్నాడు మాస్టారు.

కొత్త శిష్యుడు వెంట్రుకంత సన్నటి నైలాన్ దారాన్ని కొక్కెం బెజ్జంలో దూర్చి, ఐదు మెలికలు తిప్పి, నీళ్ళలో ముంచి బిగించాడు. తడపకుండా బిగిస్తే దారం ఒరుసుకుని బలం పోతుందని మొదటి ఆదివారమే నేర్చుకున్నాడు. మాస్టారు లాగి చూశాడు. ముడి కదల్లేదు. మెచ్చుకోలు మాత్రం ఆయన నోట్లోంచి ఊడిపడలేదు.

చెరువులో గాలం వేసేవాళ్ళంతా ఆయన్ని మాస్టారనే పిలుస్తారు. నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేసి, చేతులు వణకడం మొదలైన రోజే కొట్టుకు తాళం వేసిన మనిషి. బతిమాలినా ఎవరికీ గాలం పని నేర్పడని పేరు. అలాంటివాడు ఈ శిష్యుణ్ణి వెతుక్కుంటూ తనే అతను పనిచేసే చోటికి వచ్చాడు. గంటసేపు బెంచీ మీద కూర్చుని, పొగబెట్టి వండిన చేప ముక్క ఒకటి కాగితంలో చుట్టి తెచ్చింది చేతిలో పెట్టి, “ఆదివారం చెరువుకు రండి” అని వెళ్ళిపోయాడు. ఆ ముక్క రుచి చూశాక రాకుండా ఉండటం ఎవరి తరం?

ఆ మొదటి ఆదివారం ఒడ్డుకు చేరాక ‘రండి’ కాస్తా ‘రా’ అయింది. శిష్యుడు తెచ్చిన మెరిసే రీలునూ, పెట్టెడు రంగురంగుల ప్లాస్టిక్ ఎరలనూ చూసి, “చేపను పట్టడానికొచ్చావా, పెళ్ళి చేసుకోవడానికొచ్చావా?” అన్నాడు. అవన్నీ కారులో పెట్టించి, ముప్పై ఏళ్ళుగా ఎవరినీ ముట్టుకోనివ్వని తన వెదురు కర్ర ఇచ్చాడు. దానికి నీళ్ళ మీద తేలే ఈక బెండు, చిన్న కొక్కెం. “కొక్కెం చిన్నదైతే పెద్ద చేపకు కూడా అనుమానం రాదు.”

మాస్టారి భార్య గొడుగు కింద కుర్చీలో కూర్చుని అంతా వింటోంది.

“ఇలాగే ఈయన పిలిస్తే ఇంతకుముందు నలుగురొచ్చారు బాబూ,” అంది. “నలుగురినీ మూడో ఆదివారానికల్లా పంపించేశారు.”

“ఎందుకమ్మా?”

“ఒకాయన చేతిలోంచి ఫోను దించలేదు. ఇంకొకాయన చేప జారిపోతే దారాన్ని తిట్టాడట. మిగతా ఇద్దరి సంగతి ఈయన చెప్పరు.”

ఇవాళ మూడో ఆదివారం. శిష్యుడు ముడిని మళ్ళీ ఒకసారి లాగి చూసుకున్నాడు.

“నా దగ్గర విలువైనది ఒక్కటే ఉంది,” అన్నాడు మాస్టారు నీళ్ళవైపు చూస్తూ. “అది ఎవరి చేతిలో పెట్టాలో తేల్చుకోవాలి.”

శిష్యుడు వెదురు కర్రను మరింత జాగ్రత్తగా పట్టుకున్నాడు.

“ఇవాళ నీళ్ళ మీద మంచు బాగా పట్టినట్టుందే,” అందావిడ.

ఎండ ఫెళ్ళున కాస్తోంది.

“ఆఁ, పట్టింది,” అన్నాడు మాస్టారు. శిష్యుడు ఆవిడవైపు ఒక్క క్షణం చూసి, మళ్ళీ బెండు మీద చూపు నిలిపాడు.

బెండు మునిగింది. వచ్చింది జానెడైనా లేని పిల్లచేప.

“కొక్కెం తీసి ప్రాణంతో వదిలెయ్,” అని మాస్టారు చేపలను పొగబెట్టే డ్రమ్ము వైపు వెళ్ళిపోయాడు.

శిష్యుడు చేతులు తడుపుకుని చేపను పట్టుకున్నాడు. పొడిచేత్తో పట్టుకుంటే చేప ఒంటి జిగురు ఊడిపోతుంది. కొక్కెం గొంతులోకి దిగింది. తిప్పి లాగాడు. కొన టక్కున విరిగింది. మాస్టారి వీపు ఇటే ఉంది. నీళ్ళలోకి వదిలేస్తే అడిగేవాళ్ళు లేరు.

“మాస్టారూ.”

“ఊఁ?”

“కొన విరిగి లోపల ఉండిపోయింది. తొందరపడ్డాను. తప్పు నాదే.”

“అయితే ఏం చేస్తావ్?”

“తీస్తాను. తియ్యకుండా వదలను.”

చేప తలను బకెట్ నీళ్ళలోనే ఉంచి, జేబులోంచి చిన్న పట్టకారు తీశాడు. మణికట్టు కదల్లేదు, రెండు వేళ్ళే కదిలాయి. ఆవగింజంత ఇనుపముక్క తళుక్కుమంది. చేప తోకతో నీళ్ళు చిమ్మి చెరువులోకి జారిపోయింది.

తల ఎత్తేసరికి మాస్టారు ఎదురుగా నిలబడి ఆ వేళ్ళనే కళ్ళప్పగించి చూస్తున్నాడు. అలాంటి పనితనం చూస్తే ఆయనకు ఒళ్ళు పులకరిస్తుంది.

పొద్దున పట్టిన పెద్ద చేప అప్పటికే ఉప్పునీళ్ళలో ఊరి, గాలికి ఆరి, చర్మం వేలికి అంటుకునేంత జిగటగా తయారైంది. దాన్ని డ్రమ్ములో వేలాడదీశారు.

“మంట కాదు, పొగ కావాలి,” అన్నాడు మాస్టారు. “ఎండిన జామచెక్క చాలు. జిగురు కారే చెక్క వేస్తే చేదెక్కుతుంది.”

తర్వాత భార్య కుర్చీని తనే పొగకు దూరంగా జరిపాడు.

మూడు గంటలు గడిచాయి.

“మూత ఎత్తి చూడాలని లేదూ?”

“ఉంది మాస్టారూ. ఎత్తితే పాడవుతుంది.”

చివరికి ఆవిడే గాలి పీల్చి, “అయింది, తియ్యండి,” అంది. “రంగెలా వచ్చింది?”

“బంగారంలా వచ్చిందమ్మా,” అన్నాడు శిష్యుడు. ముళ్ళన్నీ ఏరి, ముక్క చెదరకుండా పళ్ళెంలో పెట్టి, ఆవిడ చేతికి తగిలేలా అందించాడు.

ఆవిడ తిని, “ఒక్క ముల్లూ తగల్లేదు. ఎంత నిదానమైన చెయ్యి బాబూ నీది!” అంది.

మాస్టారు కళ్ళు తుడుచుకున్నాడు. పొగ ఆ వైపు లేదు.

“పాసైనట్టేనా మాస్టారూ?” శిష్యుడు వెదురు కర్రవైపు ఆశగా చూశాడు.

“కర్ర తీసుకెళ్ళు. కానీ విలువైనదని నేను చెప్పింది దాని గురించి కాదు.”

మాస్టారు వణుకుతున్న తన చేతులతో అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

“మా ఆవిడకు మిగిలిన ఆ ఒక్క కన్నూ మీరే ఆపరేషన్ చెయ్యండి, డాక్టరుగారూ.”