ఏడో నెల బిడ్డ

"మా నాన్నకు తెలిస్తే చంపేస్తాడు. నాకిప్పుడు మూడో నెల."

పెళ్ళివారి గోమెసి గౌనుకి చేతులు కుడుతున్న నంగోబి మిషన్ ఆపేసింది. పెరట్లోంచి వచ్చిన ఆ గొంతు కూతురిదే. కత్తెర చేతిలో ఉండగానే బయటికి పరుగెత్తింది. అరటిచెట్ల దగ్గర కగోయా నిలబడి ఉంది. ఎదురుగా బలికోవా, వాడి భుజాన కెమెరా.

"సినిమా అమ్మా. ముందా కత్తెర కింద పెట్టు," అంది కగోయా.

బలికోవా అరువు కెమెరాతో సొంతంగా సినిమా తీస్తున్నాడని జింజా బజారంతా తెలుసు. కూతురి కళ్ళు కెమెరాను వదిలి వాడినే చూస్తుంటాయని నంగోబికి ఒక్కదానికే తెలుసు.

"ఏంటా కథ?"

బలికోవా చెప్పసాగాడు. "ఒకమ్మాయి చేపల పడవవాణ్ని ప్రేమిస్తుంది. కడుపని చెప్పగానే వాడు సరస్సు దాటి పారిపోతాడు. ఆ సంగతి దాచి ఇంకొకరిని చేసుకుంటుంది. బిడ్డ ఏడో నెలలోనే పుట్టేసిందని ఊరిని నమ్మిస్తుంది."

అది నంగోబి సొంత కథ. కగోయా ఆ పడవవాడు ముగోయాకు పుట్టిన బిడ్డ అన్న సంగతి తెలిసింది తన అక్కకొక్కదానికే. ఆమె పోయి ఆరేళ్ళయింది. ఇక మిగిలింది పారిపోయిన ముగోయా.

"నీకెవరు చెప్పారిది?" అని బలికోవాను నిలదీసింది.

"పేరు చెప్పనని మాటిచ్చానమ్మా."

"మీ నాన్న ఏం చేస్తాడు?"

"సరస్సు అవతల చేపలు పడతాడు."

నంగోబి కూతురి మొహాన్నీ వాడి మొహాన్నీ మార్చి మార్చి చూసింది. వీడు ముగోయా కొడుకే అయితే ఈ ఇద్దరూ ఏమవుతారు?

ఆ సాయంత్రమే కూతురికి చెప్పేసింది. "వాణ్ని మళ్ళీ కలవొద్దు."

"ఎందుకు?"

"వద్దన్నానంతే."

"నేను అతన్నే చేసుకుంటా. ఆదివారం సినిమా వేసేటప్పుడు వాళ్ళ నాన్న వస్తాడు. ఏమున్నా ఆయనతోనే తేల్చుకో."

మొగుణ్ని ఆపాలని చూసింది. "కగోయా నాన్నా, ఆ పిల్లలాట మనకెందుకు? ఆదివారం మా అమ్మ ఊరికి పోదాం."

చెరకు లారీ తోలే ఇసబిర్యే మాట తక్కువ మనిషి. చిలగడదుంప తొక్క తీస్తూ, "అమ్మాయి మొదటిసారి నటించింది. నేను చూడాలి," అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం బడి హాలు కిటికీలకు దుప్పట్లు కట్టారు. బలికోవా తన తండ్రిని వెంటబెట్టుకొచ్చాడు. పొట్టిగా, నవ్వుమొహంతో ఎవరో కొత్తమనిషి. ముగోయా కాదు. నంగోబి హమ్మయ్య అనుకుంది. మరి చెప్పిందెవరు?

సినిమా అయ్యేదాకా ఆమె తెరను చూడలేదు, మొగుడి మొహాన్నే చూసింది. తెరమీద ఇరుగుపొరుగు ఆడవాళ్ళు, "ఏడో నెల బిడ్డకి ఇంత బరువా?" అని నవ్వుకున్నారు. ఆ పిల్ల భర్త బిడ్డను భుజాన వేసుకుని వాళ్ళ మధ్యలోంచే నడిచి వెళ్ళాడు. ఇసబిర్యే రెప్ప వేయలేదు. ఇంటికి వెళ్ళాక ఇతను అడిగితే ఏం చెప్పాలా అని నంగోబి అబద్ధాలు వెతుక్కుంటూ కూర్చుంది.

చప్పట్లు మోగాయి. ఆమె గబుక్కున లేవబోతే ఇసబిర్యే చేయి పట్టుకున్నాడు.

"కూర్చో. పేర్లు కూడా చూసి పోదాం."

కథ ఎవరిదో తెరమీద పడింది: ఇసబిర్యే.